పత్తర్‌గట్టి కమాను కింద ఒక ఏడాది

హైదరాబాదు పాతనగరంలో మదీనా కూడలి నుంచి చార్మినారు వైపు నడిస్తే, రోడ్డుకు రెండు పక్కలా బూడిదరంగు రాతి కమానుల వరుస కనిపిస్తుంది. అదే పత్తర్‌గట్టి. 1908 సెప్టెంబరులో మూసీ వరద నగరాన్ని ముంచెత్తిన తరువాత, 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు నగరాన్ని తిరిగి తీర్చిదిద్దే క్రమంలో కట్టించిన బజారు ఇది. రెండేళ్ల కిందటి నవంబరు నుంచి దాదాపు ఏడాది పాటు, వీలు దొరికిన ప్రతి ఆదివారం ఉదయం, నేను ఈ వరుసలో పడమటి పక్కనున్న ఒకే ఒక కమాను దగ్గర నిలబడి ఫొటోలు తీశాను. వీధి ఫొటోలో కూర్పు, అంటే ఫ్రేములో మనుషులూ వస్తువులూ అమరే తీరు, గీతల లెక్కతో వస్తుందా, లేక ఆ క్షణంలో లోపలినుంచి తట్టే స్ఫురణతో వస్తుందా అన్న ప్రశ్న నన్ను చాలాకాలంగా పట్టుకుని ఉంది. ఆ ప్రశ్నను పుస్తకంలో కాకుండా ఒక చోట కాళ్లు పాతుకుని తేల్చుకోవాలనుకున్నాను.

నా వృత్తి గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే ఈ అనుభవానికి దానితో సంబంధం ఉంది. భవనాల నిర్మాణ చిత్రాలు గీసే ఒక చిన్న కార్యాలయంలో నేను డ్రాఫ్ట్స్‌మన్‌ని. మా నాన్న నల్లగొండ జిల్లా నుంచి వచ్చి ముప్ఫై ఏళ్లకు పైగా నగరంలో తాపీ మేస్త్రిగా పనిచేశారు. రసమట్టం, మూలమట్టం, గోడ నిలువు సరిచూడటానికి దారానికి వేలాడదీసే ఇనుప గుండు మా ఇంట్లో వంటసామాను పక్కనే ఉండేవి. గీత వంకరగా ఉంటే నాకు నిద్ర పట్టదు. కెమెరా చేతికి వచ్చినప్పుడు కూడా నేను మొదట వెతికినది మనుషులను కాదు, గీతలనే.

మూడేళ్లు నగరమంతా తిరిగి తీసిన ఫొటోల్లో నిలబడేది ఒక్కటీ లేదని గ్రహించాక, ముందు ఫ్రేమునే అర్థం చేసుకుందామని కూర్చున్నాను. నా కెమెరాలో బొమ్మ పడే పలక, సెన్సరు, 36 మిల్లీమీటర్ల వెడల్పు, 24 మిల్లీమీటర్ల ఎత్తు. అంటే మూడుకు రెండు నిష్పత్తి. స్టూడియోలో వేయించే 4×6 అంగుళాల ప్రింటుదీ అదే నిష్పత్తి కాబట్టి, ప్రింట్లు వేయించి వాటి మీద ట్రేసింగ్ కాగితం పరచి పెన్సిలుతో గీతలు గీయడం మొదలుపెట్టాను. ఈ దీర్ఘచతురస్రంలో ఎడమ అంచునుంచి 24 మిల్లీమీటర్ల చతురస్రం ఒకటి, కుడి అంచునుంచి అలాంటిదే మరొకటి గీస్తే, వాటి లోపలి భుజాలు ఫ్రేమును సరిగ్గా మూడు సమభాగాలు చేస్తాయి. ఫొటోగ్రఫీ నేర్చుకునే ప్రతివాడికీ మొదటిరోజే చెప్పే ‘మూడింట ఒక వంతు’ నియమం, అంటే ముఖ్యమైనదాన్ని నడుమ కాక ఫ్రేమును మూడు భాగాలు చేసే గీతల మీద పెట్టాలన్నది, ఎవరో ఊరికే పెట్టిన ఆచారం కాదని, ఈ ఆకారంలోనే చతురస్రాలుగా అది దాగి ఉందని అప్పుడు తెలిసింది. ఇంకొక గీత కూడా గీశాను. ఒక మూల నుంచి ఎదుటి మూలకు కర్ణం గీసి, మిగిలిన మూల నుంచి ఆ కర్ణం మీదికి లంబం దించితే, రెండూ కలిసే బిందువు మూడింట గీతలు కలిసే బిందువుకు సెన్సరు మీద సుమారు ఒక మిల్లీమీటరు దూరంలోనే పడుతుంది. లెక్క కట్టి చూసినప్పుడు నాకు కలిగిన సంతోషం మాటల్లో చెప్పలేను. రెండు వేర్వేరు దారులు దాదాపు ఒకే గడప దగ్గరకు చేరాయి.

ఆ రోజుల్లోనే ఫ్రెంచి ఫొటోగ్రాఫరు ఆన్రీ కార్తియే-బ్రెసాఁ ఫొటోలను శ్రద్ధగా చూశాను. ఆయన ఫొటోగ్రాఫరు కావడానికి ముందు పారిస్‌లో ఆంద్రే లోత్ అనే చిత్రకారుడి దగ్గర చిత్రలేఖనం నేర్చుకున్నాడు. 1932లో ఫ్రాన్స్‌లోని ఇయేర్ పట్టణంలో తీసిన ఒక ఫొటో ఉంది. పై నుంచి చూస్తే ఇనుప కమ్మీలతో మెట్లు చుట్ట తిరిగి కిందికి దిగుతాయి, ఆ చుట్ట విడిపోయే చోట సైకిలు మీద ఒక మనిషి మసకగా దూసుకుపోతుంటాడు. దాన్ని చూసిన వెంటనే నాకు ఒక పద్ధతి తోచింది: మెట్లు ఎక్కడికీ పోవు, కనుక గీతలు ముందే అమర్చుకుని సైకిలు కోసం ఎదురుచూస్తే సరిపోతుంది. పత్తర్‌గట్టిలో నేను చేసినది అదే.

చలికాలంలో ఉదయం ఎనిమిదిన్నరకు అక్కడి వెలుగు అద్భుతంగా ఉంటుంది. పడమటి వరుస తూర్పుకు ముఖం పెట్టి ఉంటుంది, సూర్యుడు ఆ నెలల్లో ఆగ్నేయం వైపుకు ఒరిగి ఉంటాడు. అందువల్ల ఎండ కమాను గుండా ఏటవాలుగా లోపలికి వచ్చి, మూసి ఉన్న దుకాణం షట్టరు మీద కమాను నీడను ఉత్తరం వైపుకు సాగదీసి పరుస్తుంది. మనిషి నీడ అతని ఎత్తుకు రెండింతలు ఉంటుంది. రాయి ఒక కమాను, నీడ ఇంకొక కమాను, షట్టరు మీద అడ్డగీతలు. వీటి మధ్య ఒక మనిషి పట్టేంత ఖాళీ మిగులుతుంది. నేను 35 మిల్లీమీటర్ల లెన్సులో వెలుగు దూరే రంధ్రాన్ని ఎఫ్ 11 అనే చిన్న కొలతకు బిగించి, ఫోకసును రెండున్నర మీటర్ల దగ్గర ఆపేసేవాడిని. అలా పెడితే సుమారు ఒకటిన్నర మీటర్ల నుంచి ఏడు మీటర్ల దాకా ఉన్నదంతా స్పష్టంగా వస్తుంది, ఫోకసు గురించి మళ్లీ ఆలోచించనక్కర లేదు. ఎండలో కెమెరా షట్టరు వేగం సెకనులో అయిదువందలవ వంతు. ఇక మిగిలిన పని ఎదురుచూడటమే.

డిసెంబరు, జనవరి నెలలు ఇలాగే గడిచాయి. ట్రేసింగ్ కాగితం పెట్టి చూస్తే చాలా ఫొటోల్లో మనిషి సరిగ్గా మూడింట గీత మీద ఉన్నాడు, నీడ కర్ణం వెంట సాగింది, కమాను శిఖరం ఫ్రేము పై అంచును తాకకుండా వేలెడు దూరంలో ఆగింది. అయినా వాటిని వరుసగా గోడకు అతికించి చూసినప్పుడు అన్నీ ఒకే ఫొటోలా కనిపించాయి. పాల క్యాన్లు తీసుకెళ్లేవాడు, నమాజు ముగించుకుని వచ్చే పెద్దాయన, ట్యూషనుకు పోయే పిల్ల, అందరూ నేను తవ్విపెట్టిన గుంటలో నాటిన గుంజల్లా ఉన్నారు. వాళ్లు ఎవరైనా ఒకటే. ఒక పోటీకి ఇందులోంచి నాలుగు పంపితే ఏ మాటా లేకుండా తిరిగి వచ్చాయి. అప్పుడు బాధపడ్డాను గానీ, ఇప్పుడు ఆలోచిస్తే వాటి గురించి చెప్పడానికి వాళ్లకు నిజంగానే ఏమీ ఉండి ఉండదు.

ఇంకొక సంగతి నన్ను ఎక్కువగా కలవరపెట్టింది. సరైన చోట ఉన్న ఫొటోల్లో కూడా మనిషి అడుగు తప్పిపోయేది. నడిచే మనిషి కాళ్లు పూర్తిగా విడివడి కత్తెరలా తెరుచుకునే ఘడియ చాలా చిన్నది. సెకనుకు దాదాపు రెండు అడుగులు వేస్తాం, ఒక్కొక్క అడుగులో ఆ విడివడటం కనురెప్పపాటు మాత్రమే నిలుస్తుంది. కాళ్ల మధ్య ఆ త్రిభుజం లేకపోతే నడిచే మనిషి స్తంభంలా కనిపిస్తాడు. నేను త్రిభుజాన్ని చూసి మీట నొక్కుతున్నాను, ఫొటోలో కాళ్లు కలిసిపోయి ఉంటున్నాయి. కంటితో చూసినదానికి వేలు స్పందించడానికి సెకనులో అయిదో వంతు పడుతుంది. మామూలు నడకలో ఆ వ్యవధిలో మనిషి జానెడుకు పైగా ముందుకు పోతాడు. అంటే చూసి నొక్కితే ఎప్పుడూ ఆలస్యమే. చూడబోయేదాన్ని ముందే నొక్కాలి. ఈ చిన్న లెక్క నా ఆలోచనను ఎంతగానో మార్చింది. స్ఫురణ అనే మాటకు అప్పటిదాకా నేనిచ్చుకున్న అర్థం ఏదో దైవికమైన మెరుపు. ఇక్కడ అది శరీరం నేర్చుకున్న ఒక ముందుచూపు. గోలీలాడే పిల్లవాడు దూరాన్ని కొలవడు, అయినా గోలీ తగులుతుంది.

అప్పటినుంచి నెల రోజులు కెమెరా ఎత్తకుండా, జేబులో చెయ్యి పెట్టుకుని, నడిచేవాళ్ల అడుగులకు వేలితో తాళం వేస్తూ నిలబడ్డాను. అడుగు విడివడటానికి ముందు భుజం కొద్దిగా తిరుగుతుంది, ఎదుటి చెయ్యి వెనక్కి వెళ్లి ఆగుతుంది. చెయ్యి ఆగినప్పుడు నొక్కితే కాళ్లు తెరుచుకున్నప్పుడు ఫొటో పడుతుంది. ఇది చదివి నేర్చుకోలేను. వందలసార్లు వేలితో నొక్కి ఒంటికి ఎక్కించుకోవలసినదే.

ఆ నెలలోనే ఎదుటి వరుసలో అత్తరు దుకాణం నడిపే పెద్దాయన దగ్గరకు వచ్చి, “మియా, ప్రతి ఆదివారం వచ్చి ఈ గోడను చూస్తుంటారు, ఇందులో ఏముంది?” అని ఉర్దూలో మర్యాదగా అడిగారు. నీడ కోసమని చెప్పాను. ఆయన గోడవైపు కాసేపు చూసి, ఎండాకాలంలో ఇక్కడికి నీడ రాదని చెప్పి వెళ్లిపోయారు. మరొక ఆదివారం ఒకాయన తన భార్యాపిల్లలతో వస్తుండగా నేను తీసిన ఫొటో చూపించమన్నారు, చెరిపేయమన్నారు. ఆయన ముందే చెరిపేశాను. అది పోయిందని విచారించలేదు. కూర్పు ఎంత బాగా కుదిరినా అందులో ఉన్న మనిషికి ఇష్టం లేకపోతే అది నాది కాదు. ఆనాటి నుంచి ముఖం స్పష్టంగా వచ్చిన ఫొటో ఉంటే వెళ్లి చూపిస్తున్నాను, దగ్గరలో ఉన్నవాళ్లకు ప్రింటు ఇస్తున్నాను.

అత్తరు దుకాణం పెద్దాయన అన్నది నిజమయింది. హైదరాబాదు అక్షాంశం పదిహేడున్నర డిగ్రీలకు కొంచెం తక్కువ కాబట్టి మే నెల రెండో వారంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదికి వస్తాడు. నిలువుగా నిలబెట్టిన కర్రకు నీడే ఉండదు. ఉదయం పూట కూడా ఎండ త్వరగా పైకెక్కి పోతుంది, చలికాలంలో షట్టరు మీద పరుచుకున్న నీడ కమాను ఇప్పుడు లేదు. నేను ఆ నెలలో పని ఉండి రెండుసార్లు మధ్యాహ్నం వెళ్లవలసి వచ్చింది. నీడ పాదాల కింద నల్లటి మరకలా ముడుచుకుని ఉంది. ఆరు నెలలుగా నేను ఆనుకుని నిలబడిన గీతలన్నీ ఒక్కసారి మాయమయ్యాయి. ఆ పగటి వెలుగులో ఫొటో తీయకూడదని అందరూ అంటారు. కానీ నాకు ఎక్కువ నేర్పినది ఆ రెండు మధ్యాహ్నాలే.

గీతలు లేనప్పుడు కంటికి ఎడాలు కనిపించాయి. ఇద్దరు మనుషుల మధ్య ఉన్న ఖాళీ, చేతికీ నడుముకూ మధ్య సందు, తలకూ వెనకున్న బోర్డుకూ మధ్య మిగిలిన చెయ్యెడు గోడ. ఒకరి తల ఇంకొకరి భుజం మీద పడి కలిసిపోతే ఇద్దరూ పోతారు. వేలెడు ఎడం మిగిలితే ఇద్దరూ బతుకుతారు. ఆ ఎడాన్ని తెచ్చేది కెమెరా కాదు, కాళ్లు. దగ్గరున్న మనిషి వెనకున్న స్తంభంతో కలిసిపోయినప్పుడు నేను ఒక అడుగు ఎడమకు జరిగితే, దగ్గరివాడు కుడికి జరిగినట్లు కనిపిస్తాడు, దూరపు స్తంభం ఇంచుమించు అక్కడే ఉంటుంది. పాలు తోడుపెట్టినంత సులువుగా చెబుతున్నాను గానీ, జనం మధ్యలో ఎవరినీ తగలకుండా అర అడుగు జరగడం అలవాటు కావడానికి నాకు వేసవి మొత్తం పట్టింది. ఒంటికాలి మీద ఒరగడం, మోకాళ్లు వంచి బెత్తెడు కిందికి దిగడం, ఇవే వీధిలో నేను నిజంగా వాడుతున్న జ్యామితి. ట్రేసింగ్ కాగితం మీద ఇది రాదు.

జూన్‌లో వానలు మొదలైనప్పుడు నాన్న వచ్చి మా ఇంట్లో కొన్నాళ్లున్నారు. బల్లమీద పడి ఉన్న ప్రింట్లు, వాటిపైన పెన్సిలు గీతల కాగితాలు చూసి ఇదేమిటని అడిగారు. ముందు ఈ గీతలు మనసులో పెట్టుకుని ఆ తరువాత మనిషి కోసం చూస్తానని వివరించాను. ఆయన కాగితాన్ని పైకెత్తి కిటికీ వెలుగులో చూసి, “గుండు ఏసి సూసుడు పని నేర్చుకునేటప్పుడు బిడ్డా. శాన ఏండ్లు చేసినంక గోడ తప్పిందని కన్నే చెప్తది. కన్ను చెప్పినంక గుండు ఏసి సరిచూసుకుంటం” అన్నారు.

నేను ఆ మాటను చాలాసేపు తిప్పి తిప్పి ఆలోచించాను. ఆయన గుండును వద్దనలేదు, దాని స్థానం మార్చారు. నేర్చుకునేటప్పుడు ముందు ఉండవలసినది, పని చేసేటప్పుడు వెనక్కి రావాలి. ఆ రాత్రే వ్యూఫైండరులో కనిపించే మూడింట గీతలను తీసేశాను. ప్రింట్లను ముందుగా తలకిందులుగా పెట్టి చూడటం అలవాటు చేసుకున్నాను. తలకిందులైతే మనిషి మనిషిగా కాక ముదురు మచ్చగా, లేత మచ్చగా కనిపిస్తాడు, ఏ పక్క బరువు ఎక్కువైందో వెంటనే తెలుస్తుంది. పాత స్టూడియోల్లో నల్లగుడ్డ కింద తలదూర్చి చూసే పెద్ద పెట్టె కెమెరాల్లో గాజుపలక మీద బొమ్మ తలకిందులుగానే పడేది. ఆ తరం ఫొటోగ్రాఫర్లకు ఈ చూపు వేరుగా నేర్పవలసిన పని ఉండి ఉండదు.

ఇప్పుడు సెప్టెంబరులో తీసిన ఫొటో గురించి చెబుతాను. తెల్లవారుజామున వాన పడి ఆగింది. మబ్బు వెలుగు, నీడలు లేవు. కమాను లోపల ఒక బట్టల దుకాణం షట్టరు సగం మాత్రమే లేచి ఉంది. దాని కిందినుంచి దూరడానికి ఒక కుర్రవాడు నడుము వంచాడు. ఎడమ పక్కన ఒక హమాలీ వీపు మీద బట్టల బేలుతో, దాదాపు అంతే వంపుతో, కుర్రవాడికి ఎదురుగా వస్తున్నాడు. ఇద్దరి మధ్యా తెల్లటి కుర్తా వేసుకున్న ముసలాయన వార్తాపత్రిక చదువుతూ నిటారుగా నిలబడి ఉన్నాడు. నేను రెండు అడుగులు వెనక్కి, ఒక అర అడుగు కుడికి జరిగానన్నది తరువాత ముందటి ఫొటోలు చూసి తెలుసుకున్నాను గానీ, జరుగుతున్నప్పుడు నాకు తెలియలేదు. హమాలీ భుజం తిరిగింది, నొక్కాను. ఒక్క ఫొటో. తరువాతి దానిలో అప్పటికే కుర్రవాడు లోపలికి పోయాడు.

ఇంటికి వచ్చి చూస్తే కుడి అంచునుంచి ఒక చెయ్యి ఫ్రేములోకి చొచ్చుకుని వచ్చి ఉంది. మణికట్టు దాకా మాత్రమే. ఆ చేతిలో సాసరు, సాసరులో చాయి. ఎవరి చెయ్యో తెలియదు, నొక్కేటప్పుడు నేను చూడలేదు. ముసలాయన ఫ్రేము నడిమధ్యలో ఉన్నాడు, నియమం ప్రకారం అది కూడని చోటు. ట్రేసింగ్ కాగితం పెట్టాను. ఏ బిందువు దగ్గరా ఏదీ లేదు. మొదటి ఆలోచనగా ఆ చేతిని కత్తిరించేద్దామనుకుని బొటనవేలితో దాన్ని కప్పి చూశాను. కప్పగానే ఫొటో మొత్తం ఎడమకు, బేలు ఉన్న వైపుకు ఒరిగిపోయింది. వేలు తీశాను, నిలబడింది. మళ్లీ కప్పాను, మళ్లీ ఒరిగింది. ఆ చిన్న సాసరు అంత పెద్ద బేలుకు సరితూగుతోంది. పరిమాణంలో కాదు, కన్ను దాని దగ్గరకు వెళ్లి ఆగే తీరులో. అంచున ఉన్న చిన్న వస్తువు నడుమకు దగ్గరగా ఉన్న పెద్ద వస్తువుకు సాటి రావడం తక్కెడ కాడ పొడవును బట్టి అని బడిలో చదువుకున్నదే. దాన్ని ఫొటోలో నేను అప్పటిదాకా చూడలేదు.

ఇది నా గొప్ప కాదు. చెయ్యి తనంతట తాను వచ్చింది. 1932లోనే కార్తియే-బ్రెసాఁ పారిస్‌లోని సెయింట్ లజార్ స్టేషను వెనక, కంచె సందులోంచి తీసిన ఫొటోలో ఒక మనిషి నీటిమడుగు మీదినుంచి దూకుతుంటాడు, వెనక గోడమీది పోస్టరులో ఒక నర్తకి అదే భంగిమలో ఎగురుతూ ఉంటుంది. ఆ కంచె సందులోంచి ఆయనకు పోస్టరు కనిపించిందా అన్నది నాకు ఇప్పుడు ముఖ్యమైన ప్రశ్నగా తోచడం లేదు. మామూలుగా ఫొటోను కత్తిరించడానికి ఒప్పుకోని మనిషి దీన్ని మాత్రం కత్తిరించాడు. అంటే తీసిన తరువాత ఎదురుగా పెట్టుకుని గుండు వేసి చూశాడన్నమాట. తీసేటప్పుడు రాని లెక్క చూసేటప్పుడు వచ్చింది. లోత్ దగ్గర నేర్చుకున్న చదువంతా ఆ చూడటంలో ఉండి ఉంటుందని నేను అనుకుంటాను.

ఫొటో నాన్నకు చూపించాను. ఆయన మాట్లాడకుండా ముసలాయన తెల్ల కుర్తా మీద వేలు పెట్టి, తలనుంచి పాదాల దాకా నిలువుగా కిందికి గీశారు. ఆ తరువాత కమాను రాళ్ల అతుకులు చూస్తూ, సున్నం ఎక్కడ పోయిందో, సిమెంటుతో ఎక్కడ పూశారో నాకు చూపించారు. ఏడాదిగా ఆ కమానును చూస్తున్న నాకు ఆ పూత తెలియదు.

నవంబరు వచ్చేసరికి నీడలు మళ్లీ షట్టరు మీదికి వచ్చాయి. ఈసారి అవి నాకు వేరుగా కనిపించాయి. వాటి కోసం ఎదురుచూడటం లేదు, వాటిలోకి మనుషులను దింపడం లేదు. ఉంటే ఉంటాయి. కొన్ని ఆదివారాలు ఒక్క ఫొటో కూడా మిగలదు, మిగిలిన రోజు రాత్రి ట్రేసింగ్ కాగితం తీస్తాను. ఇప్పుడు రోడ్డు దాటి తూర్పు వరుసకు మారదామనుకుంటున్నాను. సాయంత్రం ఎండ అటువైపు పడుతుంది, బజారు నిండుగా ఉంటుంది, అక్కడ ఎడాలు దొరకడం కష్టం.

సెప్టెంబరు ఫొటో ప్రింటు పెద్దది వేయించి ఆ హమాలీకి ఇవ్వడానికి మూడు ఆదివారాలు వెతికాను. నాలుగో వారం మదీనా దగ్గర బండి మీద కూర్చుని ఉంటే కనిపించాడు. ప్రింటును రెండు చేతులతో పట్టుకుని, ముఖం దగ్గరకు తెచ్చుకుని చూశాడు. ముసలాయనను గానీ, కుర్రవాడిని గానీ, సాసరును గానీ చూడలేదు. తన వీపు మీద ఉన్న బేలు మీద నల్ల రంగుతో వేసిన అంకెలను వేలితో తడిమి, అది ఎన్ని మెట్లెక్కి ఎవరి గోదాములో దించాడో, ఆ రోజు వానకు మెట్లు ఎంత జారాయో చెప్పడం మొదలుపెట్టాడు.